పుల్లరి వసూలు చేసిన సర్కారుకు గడ్డి విలువ తెలియదా?

మన కరిసల్ సీమలో వాన తప్పిన ఏడు అన్నిటికంటే ముందు ఎండేది గడ్డి. పెసర, మినుము, పత్తి, జొన్న ఎండిపోతే గ్రామాధికారి అడంగల్ చేతబట్టుకొని వస్తాడు, ఎకరాలు రాసుకొంటాడు, కొన్నాళ్ళకు బ్యాంకులో ఎంతో కొంత పడుతుంది. ఆలస్యమైనా, అరకొరైనా, ఏదో పడుతుంది. గడ్డి ఎండిపోతే రాసుకోవడానికి ఎవరూ రారు. ఆ గడ్డి మీద బతికే గొర్రె, మేక, ఆవు, వాటి మీద బతికే మనిషి ఏ కాగితం మీదా కనపడరు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా, విళాత్తికుళం నుంచి శ్రీవిల్లిపుత్తూరు కొండవాలు దాకా కరువు వచ్చిన ప్రతిసారీ జరిగే అన్యాయమిది. దీన్ని అన్యాయమని మనం నోరు తెరిచి అనకపోవడం రెండో అన్యాయం. రెండింటి గురించీ మాట్లాడుకోవలసిన సమయం వచ్చింది.

2016 సంవత్సరాన్ని గుర్తు చేసుకోండి. ఈశాన్య రుతుపవనాలు తమిళనాడుకు మామూలుగా 440 మిల్లీమీటర్ల వాన ఇవ్వాలి. ఆ ఏడు ఇచ్చింది 168. లోటు 62 శాతం. పురట్టాసిలో విత్తిన గింజ నేలలోనే మాడిపోయింది. 2017 జనవరి 10న ప్రభుత్వం రాష్ట్రంలోని అన్ని జిల్లాలనూ కరువు జిల్లాలుగా ప్రకటించింది. వరికి ఎకరాకు 5,465 రూపాయలు, మెట్ట పైర్లకు 3,000 రూపాయలు ఇస్తామంది. మంచిదే. మరి గొర్రెల కాపరికి? ఎండుగడ్డి కిలో 2 రూపాయలకు అమ్మే డిపోలు తెరిచారు. కొట్టంలో కట్టేసిన ఆవును అది కొంత ఆదుకొంది. నూరు గొర్రెల మందను తోలుకొని ఊరూరా తిరిగేవాడు ఆ గడ్డిమోపులు నెత్తిన పెట్టుకొని తిరగాలా? డిపో తెరిచినవాడి మనసులో ఉన్నది కట్టుకొయ్యకు కట్టేసిన పశువు. నడిచి మేసే జీవం అతని ఊహలోనే లేదు.

మన సీమలో మేత ఎలా దొరుకుతుందో తెలిస్తేగాని ఈ నష్టం ఎంతటిదో అర్థం కాదు. ఐప్పసి, కార్తీకాల్లో వాన పడితే పోరంబోకుల్లో, చెరువు కడుపులో, గట్ల మీద పచ్చిక లేస్తుంది. తై నెలలో పైరు కోసిన తరువాత నల్లరేగడి చేలన్నీ మందలకు తెరుచుకొంటాయి. పగలు కోసిన చేలో ఆకూ అలమూ మేసి, రాత్రి మంద అదే చేలో పడుకొంటుంది. ఎరువు నేలకు దక్కుతుంది, మంద కట్టినందుకు రైతు కాపరికి కూలి ఇస్తాడు. తమిళంలో దీన్నే 'కిడై' అంటారు. ఇడైసేవల్‌లో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ ఒక నవలికకు ఆ పేరే పెట్టాడు. కరిసల్ సేద్యంలో మందకు ఉన్న చోటు అటువంటిది. ఇప్పుడు వాన తప్పిందనుకోండి. పచ్చిక లేదు. పైరు లేదు గనక కోసిన చేలూ లేవు. విత్తే ఆశ లేదు గనక మంద కట్టించుకొనేవాడూ లేడు. ఒక్క వాన తప్పితే రైతుకు ఒక నష్టం, కాపరికి మూడు. ఒక నష్టానికి పరిహారముంది, మూడింటికి లేదు.

ఇది ఏ ఒక్క తాసిల్దారు దుర్మార్గమో అనుకోకండి. రాసి ఉన్న నిబంధనలే అలా ఉన్నాయి. రాష్ట్ర విపత్తు సహాయ నిధి నుంచి దేనికి ఎంత ఇవ్వాలో ఢిల్లీ ఒక జాబితా తయారు చేస్తుంది. 2022లో జారీ చేసిన జాబితా 2022 నుంచి 2026 మార్చి వరకు వర్తించేలా రాశారు. అందులో మెట్ట పైరు మూడో వంతు పోతే హెక్టారుకు 8,500 రూపాయలు. పాడి ఆవు గాని గేదె గాని చనిపోతే 37,500. గొర్రె, మేక చనిపోతే 4,000, అదీ ఇంటికి 30 జీవాల వరకే. నూరు గొర్రెలు పోయినవాడికీ ముప్పయ్యే. మేత గురించి ఉన్న ముఖ్యమైన మాట ఇది. ప్రభుత్వం పశు శిబిరం తెరిస్తే అందులో పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయలు, చిన్న జీవానికి 45 ఖర్చు పెట్టవచ్చు. మామూలుగా 30 రోజులు, తీవ్రమైన కరువైతే 90 రోజుల దాకా. శిబిరం తెరవకపోతే? కాపరి చేతికి సున్న. శిబిరం తెరవడం తెరవకపోవడం అధికారుల ఇష్టం. మేత పోయిందన్న ఒక్క కారణానికి కాపరి చేతికి పైసా ఇచ్చే పద్దు ఆ జాబితాలో ఎక్కడా లేదు.

ఈ అంకెలనే పక్కపక్కన పెట్టి చూడండి. చచ్చిన గొర్రెకు 4,000. బతికున్న గొర్రె మేతకు రోజుకు 45. అంటే గొర్రె చచ్చిన తరువాత ఇచ్చే డబ్బుతో అదే గొర్రెను 88 రోజులు మేపవచ్చు. మన కరువులో గండం గడిచే కాలం ఇంచుమించు అంతే. పాడి గేదె లెక్క ఇంకా విచిత్రం. చచ్చిన గేదెకు ఇచ్చే 37,500 రూపాయలు రోజుకు 80 చొప్పున 468 రోజుల మేత. ఏడాదికి పైగా బతికించగల సొమ్మును చచ్చేదాకా ఆగి ఇస్తున్నారు! చచ్చినవాడి కళ్ళు చారెడు అన్న సామెతను సర్కారు చట్టంగా రాసుకొన్నట్టుంది.

ఆ చావుకైనా డబ్బు సులభంగా వస్తుందా? విపత్తు వల్లనే చచ్చిందని ధ్రువపత్రం కావాలి. వరదలో కొట్టుకుపోయిన గొర్రెకు ధ్రువపత్రం దొరుకుతుంది. మూడు నెలలు మేత లేక బక్కచిక్కి, కట్టు వదిలి, జబ్బు పట్టుకొని రాలిపోయిన గొర్రెది ఏ చావు? వైద్యుడు జబ్బు పేరు రాస్తాడు, ఆకలి అని రాయడు. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో తూత్తుకుడి జిల్లాను ముంచిన వానలో కాయల్‌పట్టినంలో ఒక్క రోజులో దాదాపు 95 సెంటీమీటర్లు కురిసింది. కోవిల్‌పట్టి, ఎట్టయపురం, విళాత్తికుళం వైపు నల్లరేగడిలో నీరు నిలిచి పెసర, మినుము కుళ్ళిపోయాయి. అప్పుడూ పైరుకు, చచ్చిన పశువుకు పరిహారం ప్రకటించారు. నీరు నిలిచి కుళ్ళిన పచ్చికకు లేదు. తడినేలలో గిట్టలు చెడి, ఈనవలసిన గొర్రె ఈచుకుపోయిన నష్టానికీ లేదు.

ఇక చావకముందే అమ్మేసిన జీవాల మాట. కరువు సంవత్సరం ఎట్టయపురం శనివారపు సంతకు వెళితే ఆ నష్టం కళ్ళకు కడుతుంది. అమ్మేవాళ్ళు వందలు, కొనేవాళ్ళు పదులు. చూలు గొర్రెను కసాయికి ఇచ్చి ఆ డబ్బుతో మిగిలిన నాలుగు జీవాలకు తవుడు కొంటాడు. ఆ గొర్రె చావలేదు గనక సర్కారు లెక్కలో నష్టం జరగలేదు! వేంబూరు గొర్రె, కన్ని మేక మన రెండు జిల్లాల సొంత జాతులు. ఎండను తట్టుకొని, దొరికింది మేసి బతికే జీవాలు. ఇటువంటి జాతుల మందలు రెండు కరువులకు కరిగిపోతే తిరిగి కట్టడానికి ఎన్నేళ్ళు పడుతుందో మంద కాచినవాడిని అడగండి.

అసలు గడ్డి ఎందుకు లెక్కకు రాదు? దానికి పట్టా లేదు గనక. మన ప్రభుత్వాలకు నష్టమంటే ఎవరో ఒకరి పేరు మీద ఉన్న వస్తువుకు జరిగేది. పొలానికి పట్టా ఉంది, గడ్డి మొలిచే నేలకు పట్టా లేదు. రెవెన్యూ లెక్కల్లో దాని పేరు మేత పోరంబోకు. ఊరందరిదీ గనక ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదు గనక అక్కడ ఏది ఎండినా ఎవరికీ నష్టం లేదు. తమాషా చూడండి, తమిళంలోనూ తెలుగులోనూ పోరంబోకు అనే మాటను మనం తిట్టు చేసుకొన్నాం. ఊరి పశువులన్నిటికీ అన్నం పెట్టిన నేల పేరు తిట్టు ఎలా అయింది? పట్టా లేనిదానికి పరువు లేదన్న రెవెన్యూ బుద్ధి మన నోళ్ళలోకి ఎక్కింది గనక అయింది.

గడ్డికి విలువ కట్టడం సాధ్యం కాదని ఆఫీసుల్లో అంటారు. ఇది వింటే నవ్వు రాక మానదు. పుల్లరి అనే మాట మన పెద్దలకు తెలుసు. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. పశువుల్ని అడవిలో మేపుకొన్నందుకు తెల్ల సర్కారు తల లెక్కన కట్టించుకొన్న పన్ను అది. పలనాటిలో ఆ పన్ను కట్టబోమని లేచిన రైతుల ముందు నిలిచిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. ఆవుకు ఇంత, గేదెకు ఇంత, మేకకు ఇంత అని గడ్డికి ధర కట్టడం వందేళ్ళ కిందటే ఈ యంత్రాంగానికి చేతనయింది. వసూలు చేసేటప్పుడు గడ్డికి వెల ఉంది, పశువుకు లెక్క ఉంది, కాపరికి పేరు ఉంది. ఇచ్చేటప్పుడు మూడూ మాయమయ్యాయి. ఇది చేతకానితనమని నేను అనుకోను. ఇవ్వకూడదన్న అలవాటు.

అంతెందుకు, ధాత కరువు తరువాత, 1880 నాటి కరువు కమిషను చెప్పిన మీదట తెల్లవాళ్ళు రాసిన కరువు నిబంధనల్లో పశువుల్ని కాపాడడానికి ఒక అధ్యాయమే ఉంది. కరువు వస్తే అడవి చట్టాలు సడలించి రిజర్వు అడవుల్ని మేతకు తెరవాలని రాశారు. లక్షల మంది చచ్చిన తరువాత రాసిన నిబంధనలు, మనసు కరిగి రాసినవేమీ కావు. అయినా మేత పోవడం కూడా కరువేనన్న సంగతి వాటిలో ఉంది. స్వతంత్ర భారతంలో అది జారిపోయింది.

పైగా వాన చేయని నష్టం సర్కారు చేస్తున్నది. 2021లో శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యం ప్రకటించారు. పులి బతకాలి, సందేహం లేదు. కానీ తాతల నాటి నుంచి కొండవాలులో మేసిన పశువుకు ఆ రోజు నుంచి మేత ఎక్కడ? 2022 మార్చిలో అడవుల్లో మేపడం మీద హైకోర్టు నిషేధం వచ్చినప్పుడు పడమటి తాలూకాల కాపరులు పడ్డ కంగారు ఇంతా అంతా కాదు. ఆ నిషేధాన్ని తరువాత అభయారణ్యాల వంటి వాటికి పరిమితం చేశారు గాని, మన కాపరి ఉన్నది అభయారణ్యం పక్కనే గదా! పొలం తీసుకొంటే నష్టపరిహారం ఇచ్చే చట్టముంది. మేత తీసుకొంటే అంత స్పష్టంగా ఇచ్చే చట్టం లేదు.

మిగిలిన పోరంబోకు సంగతి చెప్పనక్కరలేదు. ఏ ఆఫీసు కట్టాలన్నా, ఏ స్టాండు కట్టాలన్నా చూపు దాని మీదే. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి ఊరికి అప్పగించమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మన పోరంబోకుల్లో తిరిగి వచ్చినదెంత? ఉన్నదాంట్లో సీమ తుమ్మ కమ్ముకొంది. కరువులో దాని కాయ జీవాలను ఆదుకొంటుంది, నిజమే. కానీ దాని కింద గడ్డి లేవదు. 2017లో మదురై ధర్మాసనం నరకమంది. నరికినచోట గడ్డి విత్తే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

ఇదంతా ఇలా ఉండగానే 2011 సెప్టెంబరు నుంచి పేద ఆడవాళ్ళకు ఇంటికి నాలుగు మేకలో గొర్రెలో ఉచితంగా పంచారు. అటు తెలంగాణలో 2017లో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీ మీద ఇచ్చారు. ఇచ్చినందుకు తప్పుపట్టను. జీవాన్ని ఇచ్చిన చెయ్యి మేతను ఎందుకు మరిచింది? పెళ్ళికి పల్లకీ ఇచ్చి బోయీలను ఇవ్వనట్టుంది.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారో చూద్దాం. అమెరికాలో 2008 వ్యవసాయ చట్టంతో మొదలై 2014 చట్టంతో శాశ్వతమైన పథకం ఒకటి ఉంది. అది మేత నష్టానికే పరిహారం ఇస్తుంది, పశువు చావనక్కరలేదు. ఆ కౌంటీలో తీవ్రమైన కరువు వరుసగా ఎనిమిది వారాలు ఉందని కరువు పటం చూపిస్తే ఒక నెల మేత ఖర్చులో 60 శాతం లెక్కగట్టి ఇస్తారు. కరువు ముదిరితే నెలలు పెరుగుతాయి. ఆ ఎనిమిది వారాలను 2025లో నాలుగుకు తగ్గించారు. గొర్రెకూ మేకకూ వర్తిస్తుంది. ప్రభుత్వ భూమిలో అనుమతితో మేపేవాడికీ ఇస్తారు. అది సంపన్న దేశం, మనకు కుదరదంటారా? కెన్యాను చూడండి. 2010లో మార్సబిట్ అనే ఎడారి సీమలో ఉపగ్రహం నుంచి పచ్చదనం కొలిచి, అది ఒక గీత కిందికి దిగితే కాపరులకు డబ్బు ఇచ్చే బీమా మొదలుపెట్టారు. 2015 నుంచి అక్కడి ప్రభుత్వమే పేద కాపరుల తరఫున ఆ బీమా కట్టింది. ఆ కాపరుల చేతిలో పట్టాలు లేవు. వాళ్ళవీ ఉమ్మడి మేత భూములే.

ఉపగ్రహం మనకు లేదా? ఉంది. 2016లో కేంద్రం వెలువరించిన కరువు మార్గదర్శిలో కరువు ప్రకటించడానికి చూడవలసిన గుర్తుల్లో ఉపగ్రహం కొలిచే పచ్చదనం కూడా ఒకటి. అంటే మన గడ్డి ఎండిందో లేదో ఆకాశం నుంచి చూస్తూనే ఉన్నారు. కరువు ప్రకటించడానికి పనికొచ్చిన ఆ చూపు పరిహారం ఇవ్వడానికి ఎందుకు పనికిరాదు?

దీనికి చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. తిరిగే మందను ఎవరు లెక్కపెడతారు? టీకాలు వేసేటప్పుడు పశువుల ఆసుపత్రి లెక్కపెడుతూనే ఉంది. ఆ పుస్తకమే ఆధారం చేసుకోవచ్చు. టీకాకు రానివాడు కూడా పరిహారం కోసమైనా వస్తాడు, జబ్బులూ తగ్గుతాయి. మేత పద్దులో దొంగలెక్కలు రాస్తారంటారు. 1996లో బయటపడిన బీహారు పశుదాణా కుంభకోణం గుర్తు చేస్తారు. అక్కడ తిన్నది కాపరులా? సరఫరా చేయని దాణాకు బిల్లులు రాసిన అధికారులు, కంట్రాక్టర్లు, వాళ్ళ వెనక ఉన్న నాయకులు. ఆ కథ నేర్పే పాఠం కంట్రాక్టరుకు ఇవ్వవద్దని, కాపరి ఖాతాలో వెయ్యమని. బీమా ఉంది గదా అంటారు. ఇక్కడి పశువుల బీమా కూడా చావుకే గదా ఇచ్చేది! గొర్రెలు నేలను పాడు చేస్తాయంటారు. మన నల్లరేగడికి వందల ఏళ్ళు ఎరువు వేసింది అవే.

ఇంతవరకు సర్కారును అన్నాను. ఇక మన మాట. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి పొలం ఉంది. పైరు పరిహారం జాబితాలో మన పేర్లున్నాయి. మన చేలో మంద కట్టిన కాపరి పేరు లేదు. అతను కొన్ని ఊళ్ళలో మన తెలుగు గొల్ల, కొన్ని ఊళ్ళలో తమిళ కోనారు, కూలికి మంద కాచేవాడు చాలాచోట్ల తెలుగే మాట్లాడే అరుంధతియర్ కుర్రవాడు. మనం తెలుగు బతకాలంటాం. ఉగాదికి సభ పెట్టి శాలువాలు కప్పుకొంటాం. గొర్రె రంగును, చెవిని, కొమ్మును, నడకను బట్టి పిలిచే తెలుగు మాటలు, పచ్చికల పేర్లు, మందను మళ్ళించే కేకలు ఎవరి నోట మిగిలి ఉన్నాయో ఎప్పుడైనా ఆలోచించామా? మంద పోయిననాడు కాపరి తిరుప్పూరుకో శివకాశికో పోతాడు. ఆ మాటలు అక్కడ ఎవరితో అంటాడు? సభల్లో తెలుగును పొగిడి, తెలుగు మాట్లాడే కడుపును మరిచిపోతే ఆ పొగడ్తకు విలువ లేదు.

కావలసినవి నాలుగే. విపత్తు సహాయ జాబితాలో మేత నష్టానికి విడిగా పద్దు పెట్టాలి. బతికున్న జీవానికి తల లెక్కన, టీకా పుస్తకం చూసి, కాపరి ఖాతాలో వెయ్యాలి. పట్టా అడగకూడదు. ముప్పై జీవాల హద్దు ఎత్తివెయ్యాలి. ఉన్న మేత పోరంబోకును కొలిచి, రాళ్ళు పాతి, గడ్డి విత్తి ఊరికి అప్పగించాలి. 2022 జాబితా గడువు 2026 మార్చి వరకే రాశారు గనక, తరువాతి జాబితాలో ఈ మాట చేరాలంటే అడగవలసినవాళ్ళు గట్టిగా అడగాలి.

అడగడానికి దారి ఉంది. జమాబందికి తాసిల్దారు ముందు వినతి ఇవ్వవచ్చు. గ్రామసభలో తీర్మానం పెట్టవచ్చు. ప్రతి నెలా కలెక్టరు పెట్టే రైతుల కూటంలో లేచి నిలబడవచ్చు. వినతి తమిళంలో రాయడం రాని కాపరికి మనలో చదువుకొన్నవాడు రాసి పెట్టవచ్చు. రైతు సంఘాల కోరికల పట్టికలో పైరు పరిహారం కింద ఇంకొక వరుస చేర్చడానికి ఖర్చేమీ కాదు. ఈసారి అడంగల్ పట్టుకొని గ్రామాధికారి మన చేలోకి వచ్చినప్పుడు, మన ఎకరాలు రాయించుకొన్న తరువాత అతన్ని పోనివ్వకండి. గట్టు అవతల ఎండిన పోరంబోకు చూపించండి. 'దీన్ని ఏ గడిలో రాస్తావయ్యా?' అని అడగండి. గడి లేదంటాడు. లేదన్న మాటనే రాసి సంతకం పెట్టమనండి. పై ఆఫీసుకు మన వినతితో పాటు పోవలసిన మొదటి కాగితం అదే.